అంగారకునిపై నిలిచిన పని

యంత్రము చెడినచో భాగమును మార్చుట మనమెరిగినదే. చేయి చేరరాని చోట, ఆజ్ఞల వరుసలోనే దోషము కలిగినచో నేమి చేయవలెను? ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

1997 జూలై 4వ తేదీన అమెరికా వారి పాత్‌ఫైండర్ నౌక అంగారక గ్రహముపై దిగెను. కొలది దినములకే దానిలోని కంప్యూటరు పని నడుమ విడిచి, మరల మొదటినుండి ఆరంభింపసాగెను. అట్లు జరిగినపుడెల్ల ఆనాటి పని మరునాటికి వాయిదా పడుచుండెను.

కారణము బోధపడుటకు మా బడి సంగతి చెప్పవలెను. హుజూర్‌నగర్ చెంత నొక పాఠశాలలో నేను పనిచేయుచుండగా, ఒకనాడు ప్రధానోపాధ్యాయులకు హాజరుపట్టీ అత్యవసరమయ్యెను. ఒక బాలుడు దానిని తెచ్చుచుండగా, వసారాలో ఒక పంతులుగారు నీళ్ళు తెమ్మనిరి. మరియొకరు సుద్దముక్కలు తెమ్మనిరి. వారి మాట త్రోయజాలక వాడు నిలిచెను. పెద్దవారి పని ఆగెను. నడిమివారి పనులు సాగెను. నేను విచారింపక ఆ బాలుని దండించితిని.

నౌకలోను నిదియే జరిగెను. వార్తలను వరుసగా నుంచి అందించుటకు కంప్యూటరులో డ్రైవరను ఆజ్ఞాసముదాయము కలదు. దానికొక తాళము. వాతావరణ వివరములు చూచు చిన్నపని ఆ తాళమును పట్టియుండెను. వివరములను పంచిపెట్టు ముఖ్యకార్యము ఆ తాళమునకై వేచియుండెను. ఇంతలో నడిమి పనులు చిన్నదానిని ప్రక్కకు నెట్టి తాము సాగెను. సెకనులో 8వ వంతు గడువులో ముఖ్యకార్యము ముగియకపోగా, కంప్యూటరు ప్రమాదమని యెంచి మొదటికి వచ్చుచుండెను.

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారు, భూమిపైనున్న ప్రతియంత్రమున ఆ దోషమునే మరల పుట్టించి కనుగొనిరి. చికిత్స స్వల్పము. తాళము చేతనున్నంతసేపు, వేచియున్న పెద్దపని యొక్క అధికారము చిన్నపనికి సంక్రమించును. తాళము విడువగానే తొలగును. ఈ పద్ధతిని షా, రాజ్‌కుమార్, లెహోత్స్కీ అను మువ్వురు 1990లోనే వివరించియుండిరి. ఆ సదుపాయము కంప్యూటరులో ముందే కలదు. ఆ తాళమునకు మాత్రము వర్తింపజేయలేదు. రేడియో తరంగముల ద్వారా చిన్న సవరణ పంపగా దోషము పోయెను. ఆ యేడు సెప్టెంబరు 27 వరకు నౌక వార్తలు పంపెను.

ఇది చదివిన నాడు నాకా బాలుడు జ్ఞప్తికి వచ్చెను. “ఇది పెద్దవారి పట్టీ, ఎవరును వీనిని నిలుపరాదు” అని యొక చీటి వ్రాసి వాని చేతికిచ్చిన చాలియుండెను. బెత్తము నెత్తితిని గాని ఆ చీటి వ్రాయనైతిని. మన యిండ్లలోనైనను, కాలువ తూముల వద్దనైనను పని ఆగినపుడు, ఆలస్యమైన వానిని నిందించుటకు ముందు, వాని చేత నేమున్నదో, వానినెవరు నిలిపిరో విచారింపుడు. సెలవు.