రూల్ అంటే పాలించడం ఒక్కటేనా? రూల్డ్, రూల్డ్ బై, రూల్డ్ అవుట్

ఈ రోజు ఒకే ఒక్క వెర్బ్ చూద్దాం. రూల్. "ఇది మాకు తెలుసులే బ్రో" అనుకుంటున్నారు కదా, నేనూ అలాగే అనుకున్నా. నాకు ఉద్యోగంలో మొదటి దెబ్బ తగిలింది ఈ మాట దగ్గరే. ఆ కథ చివర్లో చెప్తాను.

ముందు ఈజీ అర్థం, పాలించడం. మాది దుత్తలూరు. పక్కనే ఉదయగిరి కోట ఉంది కాబట్టి ఎగ్జాంపుల్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. "కృష్ణదేవరాయ రూల్డ్ విజయనగర ఫ్రమ్ 1509 టు 1529." కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని పాలించారు. ఇక్కడ మనవాళ్లు చాలామంది "రూలెడ్" అంటారు. అది తప్పు. రూల్ అన్నాక చివర్లో చిన్న "డ్" పలికితే చాలు, ఒకే ఊపులో రూల్డ్. అసలు ఆ "డ్" మింగేసేవాళ్లు కూడా ఉన్నారు. అది పోతే అయిపోయిన విషయం ఇప్పుడు జరుగుతున్నట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు కోటనే ముందు పెట్టి చెప్దాం. రాయలవారు 1513లో ఉదయగిరిని ముట్టడించి 1514లో గెలిచారు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించారు. అంతకుముందు కోట ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. "ఉదయగిరి వాజ్ రూల్డ్ బై ద గజపతీస్." ఉదయగిరి గజపతుల పాలనలో ఉండేది. "వాజ్" వదిలేసి "ఉదయగిరి రూల్డ్ గజపతీస్" అన్నారనుకోండి, కోటే రాజుల్ని పాలించినట్టు అవుతుంది!

ఇదే మాట నౌన్‌గా కూడా వస్తుంది. "ఆంధ్రప్రదేశ్ వాజ్ అండర్ ప్రెసిడెంట్స్ రూల్ ఇన్ 1973." రాష్ట్రపతి పాలన అన్నమాట. 2014లో విభజన ముందు కూడా మన రాష్ట్రంలో పెట్టారు. రూలింగ్ పార్టీ అంటే అధికార పార్టీ, ఇది రోజూ వార్తల్లో వింటున్నదే.

కోర్టు రూల్ చేస్తే మాత్రం పాలించడం కాదు, తీర్పు చెప్పడం. "ఇన్ 2017, ద సుప్రీం కోర్ట్ రూల్డ్ దట్ ప్రైవసీ ఈజ్ ఎ ఫండమెంటల్ రైట్." వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. చేతిలో ఫోన్ ఉన్న మనందరికీ పనికొచ్చే వాక్యం, ఒకసారి పైకి చదవండి.

ఇంకో మాట. ఆఫీసులో మీరు పదిమందిని చూసుకుంటుంటే "ఐ రూల్ ఎ టీమ్" అనకండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు నవ్వుతారు. "ఐ మేనేజ్ ఎ టీమ్" అనాలి. రూల్ రాజుకి, మేనేజ్ మనకి.

సరే, కథకొద్దాం. బీటెక్ అయ్యాక ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. రాత్రి అమెరికా కాల్. అప్లికేషన్ ఆగిపోయింది, అందరూ కంగారుగా ఉన్నారు. క్లయింట్ నన్ను అడిగాడు, "హ్యావ్ యూ రూల్డ్ అవుట్ ద డేటాబేస్?" నాకు వినపడినవి రెండే, రూల్డ్, డేటాబేస్. డేటాబేస్ నీ కంట్రోల్‌లో ఉందా అంటున్నాడేమో అనుకున్నా. లాగిన్ నా దగ్గరే ఉంది కదా, "యెస్, రూల్డ్ అవుట్" అనేశా.

రూల్ అవుట్ అంటే "సమస్య అక్కడ లేదు" అని చూసి తేల్చేసి, దాన్ని లిస్టులోంచి తీసేయడం. నేను చూడనే లేదు. నా మాట నమ్మి ఐదుగురు తెల్లారేదాకా కోడ్‌లో వెతికారు. చివరికి చూస్తే డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది! పొద్దున తిట్లు తిన్నది మాత్రం మా డేటాబేస్ సీనియర్. ఆయన పక్కనే కూర్చుని నేను నోరు మెదపలేదు. ఇంగ్లీష్ అర్థం కాలేదని పదిమందిలో చెప్పడం సిగ్గనిపించింది.

రెండేళ్లకి ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. నవ్వుతారనుకున్నా. నవ్వలేదు. కాసేపు ఆగి, "ఆ కాల్‌లో నేనూ ఉన్నాను కదా అబ్బాయ్, నాకొక మెసేజ్ పెట్టుంటే అర్థం చెప్పేవాణ్ణి" అన్నారు.

ఆ రోజు నేను అనాల్సింది ఇది: "నాట్ యెట్. ఐ హావెంట్ రూల్డ్ ఇట్ అవుట్." అసలు అర్థమే కాకపోతే, "సారీ, వాట్ డూ యూ మీన్ బై దట్?"

గుర్తుండటానికి నా పద్ధతి ఒకటి చెప్తా. బళ్లో రూళ్లకర్ర పెట్టి గీతలు గీసేవాళ్లం కదా. అలా ఒక పేరు మీద గీత కొట్టేసి పక్కన పెట్టడమే రూల్ అవుట్. "ద డాక్టర్ రూల్డ్ అవుట్ డెంగీ" అంటే టెస్ట్ చేసి డెంగీ కాదని తేల్చారు. టెస్ట్ చేయకుండా ఈ మాట వాడకూడదు.

ఇప్పుడు మీ వంతు. "వాన పడే అవకాశం లేదని చెప్పలేం." దీన్ని రూల్ అవుట్‌తో ఇంగ్లీష్‌లో చెప్పండి. ఆన్సర్ నెక్స్ట్ ఎపిసోడ్‌లో. ఉంటాను, బై.