ఆదోని కొండ మీద సద్ది డబ్బా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజినీరుగా మీ అనుభవాలు" అని నాకు అంశం ఇచ్చారు. వాటిని మా ఇంట్లోనే ఎవరూ వినరు. అందుకే మొన్న సంక్రాంతి సెలవుల్లో మేం నలుగురం రాత్రిపూట కొండెక్కి డబ్బా వెతికిన సంగతి చెబుతాను.

పేర్లు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. ఒకడు డాక్టరు. ఒకడు ఈ ఊళ్లోనే పత్తి కమీషన్ వ్యాపారి. మూడోవాణ్ణి నేను. నాలుగోవాడు ఎమ్మిగనూరు నుంచి వచ్చి, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి మనతో చదివినవాడు. జాగ్రఫీ పీరియడ్లో అందరి పటాలూ వాడే గీసేవాడు. మార్కులు మాకు పడేవి.

మేం ఆడింది జియోక్యాషింగ్ అనే ఆట. పేరు వినగానే మా వ్యాపారి "క్యాష్ ఎంతుంటాది?" అని అడిగాడు. ఏమీ ఉండదు. 2000 మే నెల మొదలయ్యే దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది ఆపేసిన వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఊరవతల ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పాడు. వెతకండి, దొరికితే అందులోని పుస్తకంలో పేరు రాయండి, ఏదైనా తీసుకుంటే బదులు ఇంకోటి పెట్టండి. ఆట మొత్తం అంతే. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నారు.

మన కొండల మీద ఆడదామన్నది నేను. దాచే పని ఎమ్మిగనూరు వాడికిచ్చాం. కోట గోడల సందుల్లో మాత్రం వద్దన్నాను. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టిన కోట అది. ఇప్పటికే మన జనం దాని గోడల మీద రాయాల్సినన్ని పేర్లు రాశారు. దాని పక్కన బండల గుట్ట చాలు. వాడు ఒక పగలంతా తిరిగి, ఒక స్టీలు సద్ది డబ్బా దాచి, సెల్లులో చూసి అంకెలు కాగితం మీద రాసి తెచ్చాడు. దశాంశం తర్వాత అయిదు అంకెలు. ఆ అయిదో అంకె విలువ నేల మీద సుమారు ఒక మీటరు. ఒక్కటీ తప్పు రాయలేదు.

అమావాస్యకు దగ్గర రోజు. రాత్రి తొమ్మిదికి బయల్దేరాం. చలి బాగానే ఉంది. డాక్టరు పాములకు భయపడి మోకాళ్ల దాకా బూట్లేసుకున్నాడు, పైగా మా అందరికీ ధైర్యం చెబుతున్నాడు. ఎడమ పక్క రణమండల ఆంజనేయ స్వామి గుడి దీపాలు. కింద ఊరు, జిన్నింగు మిల్లుల దీపాలు. గంట సేపు ఎక్కాక నా ఫోను "వచ్చేశారు" అంది.

వచ్చేశాం సరే, డబ్బా లేదు.

ఇక్కడ కొంచెం ఇంజినీరు మాట. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఒక్కోటీ టైము చెబుతూ ఉంటుంది. కనీసం నాలుగింటి మాట విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, ఫోను తానెక్కడుందో తేల్చుకుంటుంది. సెకనులో వందకోట్లో వంతు తప్పితే దూరం ముప్పై సెంటీమీటర్లు తప్పుతుంది. బయలు నేలలో బాగానే పని చేస్తుంది. మన గుట్టల్లో నిలువెత్తు గ్రానైటు బండలు. సంకేతం బండకు తగిలి, మళ్లి, ఆలస్యంగా వస్తుంది. పైగా దాచినప్పటి ఫోను తప్పు ఒకటి, వెతికే ఫోను తప్పు ఇంకొకటి. రెండూ కలిస్తే పది పదిహేను మీటర్లు సులువుగా పోతుంది. ఇదంతా నేను ఆ చీకట్లో నిలబడి వాళ్లకు వివరించాను. వ్యాపారి ఆవలించాడు.

ముప్పావు గంట ఒక్కో సందులో కర్ర పెట్టి పొడిచాం. దాచినవాడు బండ మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. చివరికి వాడికే జాలేసింది.

"రేడియం స్టిక్కర్ అంటించినాను కదప్పా. మీరు బ్యాటరీ నడుం కాడ పట్టుకుంటే యాడ కనపడతాది? కంటి పక్కన పట్టి కొట్టాల."

లారీల వెనక, ఎద్దుల బండ్ల వెనక అంటించే ఎర్ర స్టిక్కర్. పడిన వెలుతురును అది వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. దీపం కంటి దగ్గరుంటేనే ఆ వెలుతురు కంట పడుతుంది. ఈ సూత్రం నేను పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాణ్ణి. బ్యాటరీ మాత్రం నడుం దగ్గర పట్టుకున్నాను. చెవి పక్కన పెట్టి కొట్టగానే, పన్నెండు అడుగుల అవతల, నేను రెండుసార్లు కాలుపెట్టిన బండ కింద, ఎర్రగా మెరిసింది.

"నీకెట్లా తెలుసురా?" అన్నాను.

"మేకలు తప్పిపోతే రాత్రిళ్లు ఎట్లా ఎతుకుతారనుకున్నావు? వాటి కండ్లూ ఇంతే."

బడి మానేసిన మొదటి సంవత్సరం వాడు మేకలు కాశాడట. అది నాకు అప్పుడే తెలిసింది. 1984లో, ఎనిమిదో తరగతి మధ్యలో, వాళ్ల నాయన మంచాన పడ్డాడని ఊరికి పోయాడు. మళ్లీ రాలేదు. తర్వాత గుంట మగ్గంలో కూర్చున్నాడు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గం పని వాడి ఇంట్లోనే ఉంది, వేరే వెతుక్కోనక్కర లేకపోయింది. ఇక్కణ్ణుంచి ఎమ్మిగనూరు సుమారు ముప్పై కిలోమీటర్లు. బస్సులకు కొదవ లేదు. మేమెవరం పోయి చూడలేదు. నాలుగేళ్ల కింద నీలకంఠేశ్వర స్వామి జాతరలో వాడే నన్ను గుర్తుపట్టి పిలిచాడు.

డబ్బా తెరిచాం. ఒక నోటుబుక్కు, పెన్సిలు, నాలుగు గోళీలు, పాత ఇరవై పైసల బిళ్ల, అరిగిపోయిన నాడె ఒకటి. నాడె నేను తీసుకున్నాను, బదులు నా స్లైడ్ రూల్ పెట్టాను. అదీ ఎవరూ వాడని వస్తువే. డాక్టరు పేరు రాసి కింద "పదో తరగతి, 1986" అని వేశాడు. నేనూ, వ్యాపారీ అట్లాగే రాశాం. పెన్సిలు వాడి చేతికిచ్చాం. కాసేపు ఆగాడు.

"నేనేం రాయాల?"

మేం మాట్లాడలేదు. వాడే రాసుకున్నాడు: పేరు, "ఎనిమిది బి, కిటికీ పక్క బెంచీ."

దిగేటప్పుడు డాక్టరు, ఈ స్వర్ణోత్సవానికి నువ్వూ రావాలన్నాడు. "నాకు కార్డు రాదులేప్పా, పది పాసైనోళ్లకే కదా" అన్నాడు వాడు, ఏ బాధా లేనట్టు. నేను చూస్తాలే అన్నాను. తెల్లారి నలుగురం ఉగ్గాని బజ్జీ తిని విడిపోయాం.

చూశాను. మన నియమావళి ప్రకారం సభ్యత్వం ఇక్కడ పదో తరగతి పాసైనవారికే. కొన్నేళ్ల కింద నియమావళిని తిరగరాసినప్పుడు ఆ మాట అట్లాగే ఉంచిన కమిటీలో నేనూ ఉన్నాను. కింద నా సంతకం ఉంది. చదివే పెట్టాను. ఎవరు బయట ఉండిపోతారో నాకు తట్టలేదు. మన బ్యాచ్‌లో ఆరో తరగతిలో చేరినవాళ్లను, పది పాసైనవాళ్లను మీరే గుర్తు చేసుకుని లెక్కపెట్టండి. ఆడపిల్లలను మర్చిపోవద్దు. పత్తి ఏరడానికి బడి మాన్పించింది ఎక్కువగా వాళ్లనే.

కాబట్టి మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. "పాసైన" అన్న మాట తీసేసి "చదివిన" అని పెట్టాలి. ఒక్క రోజు హాజరు పట్టీలో పేరున్నా చాలు. పాత హాజరు పట్టీలు బడి బీరువాలో ఉన్నాయి, కొన్ని చెదలు తిన్నాయి. వాటిని ఫోటోలు తీసే పని నేను చేస్తాను. బలపరచడానికి ఒకరు చెయ్యెత్తాలి. డాక్టరు ఎత్తుతాడు గానీ, మా బ్యాచ్ కాని వాళ్లు ఎత్తితే బాగుంటుంది.

డబ్బా అక్కడే ఉంది. అంకెలు కావలసినవాళ్లు భోజనాల దగ్గర నన్ను అడగండి. నోటుబుక్కులో ఇంకా తొంభై పేజీలున్నాయి. బ్యాటరీ తెచ్చుకోండి.