బడిపిల్లల ఉదయపు ఆకలి
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇటీవల పదకొండు గంటల వేళ ఒక గ్రామ పాఠశాలకు వెళ్లితిని. ఒక బాలిక బల్లపై తల వాల్చియుండెను. సోమరిపిల్ల యని ఎవరో అనిరి. “ఉదయము ఏమి తింటివమ్మా?” అని అడుగగా, “టీ తాగినానండి” అని చెప్పినది. తల్లిదండ్రులు తెల్లవారకమునుపే మిరపకాయల కోతకు వెళ్లిరట. అది సోమరితనము కాదు, ఆకలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండి బడిలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డకు ఆ భోజనమున 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెను. మంచిదే. కాని రాత్రి ఎనిమిది గంటల అన్నమునకును, మధ్యాహ్నపు అన్నమునకును నడుమ పదహారు గంటల ఎడమున్నది! పెద్దల శరీరమువలె పసిబిడ్డ శరీరము అంతసేపటికి చాలు శక్తిని నిలువ చేసికొనలేదు.

ఇందుకు ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. మజ్జిగ కలిపిన చద్దియన్నము, రాగిజావ, వేరుసెనగ ఉండ చాలును. చద్ది తినక మన పెద్దలు పొలమునకు పోయెడివారా? టీ మాత్రము ఆహారము కాదు. పైగా అన్నముతోపాటు త్రాగినచో అందలి ఇనుమును ఒంటబట్టనీయదు.

తల్లులు వేకువనే కూలికి పోవు ఇండ్ల పిల్లలకు ఇరుగుపొరుగువారో, మహిళా సంఘమువారో జావ కాచి ఇచ్చు ఏర్పాటును పంచాయతీ చేయించవచ్చును. వచ్చు సమావేశమునకు ముందు ఒక ఉదయము బడికి పోయి, తినక వచ్చినవారి లెక్క వ్రాసికొని రండు. చేతులెత్తించవలదు, ఒక్కొక్కరిని విడిగా అడుగుడు. నలుగురిలో ఆకలియని ఏ బిడ్డయు చెప్పదు.