పెద్దరికము – పరిచర్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సమయమున సంస్థను ప్రశంసించుట ఆచారము. నేను సంస్థలను నడపువారిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. మన గచ్చిబౌలి ఒకప్పుడు బండరాళ్ళ నడుమ నున్న చిన్న పల్లె. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఇచ్చట నెలకొన్నది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఆరంభమై, సంస్థల నిర్వహణమునే శాస్త్రముగా బోధించుచున్నది. చుట్టును కంప్యూటరు కంపెనీల మేడలు లేచినవి. ఇచ్చట నాయకత్వము అను మాట వినబడని దినము లేదు.

ఆ మాటతో పాటు తరచు వినబడునది సేవక నాయకత్వము. ఈ పేరును ప్రచారమునకు తెచ్చినవాడు రాబర్టు గ్రీన్‌లీఫ్ అను అమెరికా దేశస్థుడు. అతడు నలుబదేండ్లకు దగ్గరగా ఒక పెద్ద టెలిఫోను కంపెనీలో పనిచేసి, 1964లో విరమించి, 1970లో ఒక వ్యాసము వ్రాసెను. నాయకుడు తొలుత సేవకుడు కావలెననియు, అతని సేవనందినవారు ఎదిగిరా లేదా అనునదే పరీక్ష యనియు దాని సారాంశము.

ఈ భావము అంతకు ఎంతో పూర్వమే క్రైస్తవ సువార్తలలో కలదు. పాదములు కడుగుట ఆ దేశమున దాసుల పని. యేసు కడపటి రాత్రి పంక్తినుండి లేచి, తువ్వాలు నడుమునకు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెనని యోహాను వ్రాసెను. దాసుని పిలిచి వినయము బోధింపలేదని గమనింపుడు. గురుస్థానమున నున్నవాడే వంగెను.

ఈ భేదము మనకు ముఖ్యము. నిజాము కాలపు వెట్టిచాకిరిని గూర్చి పెద్దలవలన వినియున్నాము. తరతరములుగా ఊరికి ఊడిగము చేసినవారితో ఇంకను సేవ చేయుడనుట ధర్మబోధ కాదు; దోపిడికి పైపూత. సేవాధర్మము కుర్చీలో కూర్చున్నవానికి విధి. ఎదుట చేతులు కట్టుకొని నిలుచున్నవానికి కాదు.

దీనిని ఆచరించి చూపినవారు డోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు. వారు 1874లో తిరునల్వేలి ప్రాంతమున ఒక గ్రామ పాదిరి యింట జన్మించిరి. తమిళులైనను 1909లో నిజాము రాజ్యములోని డోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెల వెంట తిరిగిరి. 1910లో ఎడింబరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయులకు ఉపకారము చేయుచున్నారే గాని సమానులుగా చెలిమి చేయుటలేదని నిర్భయముగా పలికిరి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు వారే.

ఆ పదవితో వారేమి చేసిరి? వారి సంఘమున అత్యధికులు మాల మాదిగ కుటుంబములవారు. వారికి ఓర్పు మాత్రమే బోధింపక, చదువు చెప్పించి, వారినుండియే ఉపాధ్యాయులను, పాదిరులను తయారుచేసిరి. భర్తలతోపాటు భార్యలకును శిక్షణ నిప్పించిరి. అధికారమును విడువలేదు, క్రిందివారు లేచి నిలుచుటకు దానిని ఉపయోగించిరి. దక్షిణ భారత సంఘముల ఐక్యమునకై 1919నుండి పాటుపడి, 1945 జనవరి 1న పరమపదించిరి. ఆ ఐక్యము 1947లో సిద్ధించెను. తాను చూడని పంటకు విత్తనము చల్లుటయు నాయకుని పనియే.

ఇక మన మేడలకు వత్తము. పై అధికారి ఒక దినము చీపురు పట్టి ఫోటో తీయించుకొనిన మాత్రమున సేవకుడు కాడు. ఊడ్చు తల్లికి జీతము వేళకు అందుచున్నదా? కావలివానికి బిడ్డ జబ్బుపడిన నాడు సెలవు దొరకుచున్నదా? పని చెడినప్పుడు నింద క్రిందివానిపై పడుచున్నదా, పైవాడు మోయుచున్నాడా? ఈ ప్రశ్నలకు వచ్చు జవాబే ఆ నాయకుని యోగ్యతాపత్రము.

గ్రంథాలయమునకును ఇదే కొలత. కార్యదర్శి ఊరలేని నాడును తలుపు తెరచుకొనవలెను. చెప్పులు విడిచి సంకోచముతో గడపవద్ద నిలుచున్నవానిని లోనికి పిలిచి, బల్లయొద్ద కూర్చుండబెట్టవలెను. నేడు కథలపుస్తకమునకై వచ్చు బాలిక రేపు కార్యవర్గమున కూర్చుండవలెను. అట్లు జరిగిననాడు ఇరువదియైదేండ్ల శ్రమ ఫలించినట్లే. అట్టి పరిచారకులు ఈ సంస్థకు ఎన్నడును కొరవడకుందురు గాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.