మునిగిన వరిలో మేలుకునే జన్యువు



ఊడ్పులైన కొద్దిరోజులకే పెద్దవాన పట్టి శారదా, వరాహ నదుల పక్క పల్లపు చేలు మునిగాయనుకోండి. నీరు తీశాక ఒక రకం కుళ్ళిపోతుంది, మరొక రకం తిరిగి చిగురిస్తుంది. ఆ కిటుకు విత్తనంలో ఉంది.

మొక్కలోని ప్రతి కణంలోనూ వేలాది జన్యువులుంటాయి. అన్నీ ఒకేసారి పనిచేయవు. వేరులో కొన్ని, ఆకులో కొన్ని, ఆపద వచ్చినప్పుడు మరికొన్ని మేలుకుంటాయి. విశాఖ రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే వేట పడవలు ఒడ్డునే ఆగుతాయి గదా! కణానికీ అటువంటి సూచికలున్నాయి.

వరి మునిగితే ఎథిలిన్ అనే వాయువు బయటికి పోలేక మొక్కలోనే పేరుకుంటుంది. అదే సూచిక. మామూలు వరి ఆ సూచిక అందగానే నీటిపైకి తల ఎత్తాలని గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా దానికే ఖర్చై, నీరు తీసేసరికి సత్తువ చచ్చి పడిపోతుంది. సబ్-1ఏ జన్యువు ఉన్న వరిలో అదే ఎథిలిన్ ఆ జన్యువును మేలుకొలుపుతుంది. అది మేస్త్రీ వంటిది. ఎదుగుదల జన్యువులను ఆగమంటుంది. మొక్క కదలక మెదలక పిండిపదార్థాన్ని పొదుపు చేస్తుంది. నీరు తీయగానే ఎథిలిన్ పోతుంది, జన్యువు నిద్రపోతుంది, కొత్త ఆకు లేస్తుంది.

ఈ గుణం ఒడిశా నాటురకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్.13ఏలో ఉంది. సబ్-1ఏ జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించారు. మన మారుటేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణతో సంకరపరచి, తిరిగి తిరిగి స్వర్ణతోనే కలిపి, స్వర్ణ-సబ్1 తయారుచేశారు. 2009లో మన దేశంలో విడుదలైంది. మునక లేని ఏడు జన్యువు నిద్రలోనే ఉంటుంది గనుక దిగుబడి స్వర్ణకు తీసిపోదు. ఇది హైబ్రిడ్ కాదు. కేళీలు ఏరి విత్తనం దాచుకోవచ్చు.

అయితే దీనికీ హద్దులున్నాయి. పిలకల దశలో సుమారు రెండు వారాల మునకకు తట్టుకుంటుంది. బురద నీటిలో అంతకాలం ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినట్లు, పైరు పొట్ట మీద, ఈనిక మీద ఉండగా మునిగితే ఈ జన్యువు కాపాడలేదు. నెలల తరబడి నీరు నిలిచే చేలకూ ఇది పనికిరాదు.

కనుక ఈ రకం వేసినవారు నీరు తీసిన మరునాడే ఆశ వదిలి చేను దున్నేయకండి. వారం పది రోజులు ఆగి దుబ్బుల్లో కొత్త ఆకు చూడండి. చిగురు వచ్చాకే యూరియా వేయండి. తొందరపడితే, బతికే పైరును మన చేతులతోనే చంపుకున్నవాళ్ళమవుతాం.