మిట్టపల్లముల కొలత



"నీరు పల్లమెఱుగు, నిజము దేవుడెఱుగు" అని మన పెద్దల సామెత. ఇందలి రెండవ భాగమును గూర్చి ప్రసంగించుటకు నేనర్హుడను గాను. మొదటి భాగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మాత్రము, కృష్ణయొడ్డున అరువదియేండ్లుగా కాపురమున్నవాని కధికారము కలదనుకొందును. నీరు పల్లమెఱుగును, నిజమే. ఆ పల్లమెచ్చటనున్నదో నీటికంటె ముందుగా మనుష్యు డెఱుగవలదా? నీరు వచ్చి చెప్పిన పిమ్మట తెలిసికొనుటవలన ప్రయోజనమేమి?

మా తాడేపల్లి గుంటూరు జిల్లాలో కృష్ణకు కుడియొడ్డున, విజయవాడ కెదురుగా నున్నది. ఉత్తరమున సీతానగరము, ప్రకాశం బారేజి, పడమట ఉండవల్లి, దక్షిణమున మంగళగిరి కొండ. కొండలను విడిచిన తక్కిన నేలయంతయు కంటికి చాప పఱచినట్లుండును. కాని రైతునడిగినచో, "ఇది మెరకచేను, అది పల్లపుచేను" అని వేలితో చూపును. మెరకలో ప్రత్తియు మిరపయు వేయును; పల్లములో వేయడు. ఆ రెంటికి నడుమ భేదము మూరెడైన నుండదు. అయినను ఆ మూరెడే పంటను నిలుపునది, ఆ మూరెడే పంటను కుళ్లించునది.

బారేజివద్ద నిండు నీటిమట్టము సముద్రమట్టమునకు 57.05 అడుగులు, అనగా 17.39 మీటర్లు. అచ్చటినుండి సముద్రము సుమారు ఎనుబది తొంబది కిలోమీటర్ల దూరము. భాగించి చూడుడు: కిలోమీటరునకు ఇరువది సెంటీమీటర్లు, జానెడు వాలు! ఇట్టి నేలపై ఎత్తులు కొలిచినవాడు ఒక మీటరు పొరపడెనేని, వరదనీరు నిలుచు గట్టు పటములో అయిదు కిలోమీటర్ల దూరము జరిగిపోవును. కొండసీమలో ఒక మీటరు తప్పు లెక్కలోనిది కాదు. డెల్టాలో ఒక మీటరు తప్పిన పటము గోడకు తగిలించుకొనుటకే పనికివచ్చును.

మాకు వరద రెండు విధములుగా వచ్చును. కృష్ణ పొంగుట యొకటి. 2009 అక్టోబరులో బారేజిమీదుగా 11.10 లక్షల క్యూసెక్కుల నీరు పోయినది. 2024 సెప్టెంబరు 2వ తేదీన 11.43 లక్షలకు చేరినది. రెండవది కొండవీటి వాగు. కొండవీటి కొండలలో బుట్టిన యీ వాగు ఉండవల్లియొద్ద, బారేజికి ఎగువను, కృష్ణలో కలియును. నది నిండుగా నున్న దినములలో వాగునీటిని నది లోనికి రానీయదు. వాకిట తలుపు మూసిన యింటికి వచ్చిన చుట్టమువలె ఆ నీరు వెనుకకు మరలి పెనుమాక, కృష్ణాయపాలెము, నీరుకొండ చేలలో విడిదిచేయును. నీరుకొండకా పేరెట్లు వచ్చెనో చెప్పజాలను గాని, పేరునందు నీరుండుట ఊరక కాదని నా యూహ. ఈ బాధ తొలగించుటకై 2018లో ఉండవల్లియొద్ద అయిదువేల క్యూసెక్కుల నెత్తిపోయు పంపులను ప్రతిష్ఠించిరి. ఎత్తిపోయుట మంచిదే, ఎంత వాన కెంతదాక నీరు ప్రాకునో, ఏ వీధి ముందు మునుగునో తెలిసినగదా, పంపు నెప్పుడు త్రిప్పవలెనో, ఎవరి నెప్పుడు లేపవలెనో తెలియుట! అదే 2024లో, ఆవలి యొడ్డున బుడమేరు పొంగి విజయవాడ పేటలలో నీరు దినములతరబడి నిలిచినప్పుడు, తమ యిల్లు పల్లములో నున్నదని ముంగిట నీరు చూచినదాక తెలియనివారు వేలకొలది యుండిరి.

నేలమట్టము చూచుట మనకు క్రొత్త విద్య కాదు. సూర్యసిద్ధాంతమున త్రిప్రశ్నాధికారము తెఱచినచో, శంకువును నాటుటకు ముందు తలమును నీటిచే సమము చేయవలెనను విధి కనబడును. నీటికంటె నిజమైన మట్టపుకోల లేదని ఆ కాలమువారికి తెలియును. 1802లో లాంబ్టను దొర మద్రాసులోని సెయింట్ థామస్ మౌంటువద్ద గొలుసు పఱచి భూమాపనము మొదలిడెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, కాటను దొర ప్రోత్సాహముతో, ఆర్ దొర పర్యవేక్షణమున 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. ఆ కాలువలను త్రవ్వినవారు మట్టపు దుర్భిణియు, అంకెల కోలయు చేతబట్టి యడుగడుగునను నడచిరి. జానెడు వాలున్న నేలపై నీటిని సముద్రపు టంచుదాక నడిపించిరి! విమానములను గూర్చి చెప్పబోవుచు ఆ నడచినవారిని ముందుగా స్మరింపకుండుట కృతఘ్నతయగును.

అయితే నడచి కొలిచినవారు కాలువ పొడవున, బాట పొడవున మాత్రమే కొలువగలరు. రెండు బాటల నడుమనున్న నేల ఊహకు విడువబడును. సర్వే పటములలో ఇరువది మీటర్ల కొకటిగా గీసిన సమోన్నతరేఖలు మా సీమలో నొకటియో రెండో వచ్చును. ఇక అంతరిక్షమునుండి కొలిచినవి కలవు. 2000 ఫిబ్రవరిలో అమెరికావారి నౌక పదునొకండు దినములు రాడారుతో భూగోళమును కొలిచినది. 2005లో మనవారు పంపిన కార్టోశాట్-1 జంట ఛాయాచిత్రములతో కొలిచినది. ఘనకార్యములే. కాని వానిలో కొన్ని మీటర్ల తేడా యుండును. పైగా చెట్ల తలలును, ఇండ్ల కప్పులును నేలగానే లెక్కకు వచ్చును. మనకు గావలసినది జానెడు.

ఆ జానెడును పట్టునది విమానమునుండి లేజరుతో కొలుచు పద్ధతి. దీనినే లిడారందురు. చిన్నతనమున ఉండవల్లి కొండ కెదురుగా నిలిచి కేకవేసినవారికి దీని మర్మము సగము తెలిసినట్లే. కేక పోయి కొండను తాకి రెండు సెకనులకు మరలివచ్చినచో, ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, కొండ 340 మీటర్ల దూరమున నున్నదన్నమాట. ఇచ్చట కేకకు బదులు వెలుగు. వెలుగు సెకనునకు మూడులక్షల కిలోమీటర్లు పోవును. వేయి మీటర్ల యెత్తున నెగురు విమానమునుండి విడిచిన లేజరు తటిల్లత నేలను తాకి మరలుటకు సెకనులోని పదిలక్షవ వంతులు ఏడైనను పట్టవు. ఒక సెకనును నూఱుకోట్ల తునుకలు చేసి, అందొక తునుకను గుర్తింపగలిగిననే పదునైదు సెంటీమీటర్ల యెత్తు తెలియును. గడియారమే ఇందలి ప్రాణము.

అట్టి వెలుగులను సెకనునకు లక్షలకొలదిగా, ఊగుచుండు నద్దముచే కుడియెడమలకు వెదజల్లుచు విమానము పోవును. విమానమున్న చోటును జి.పి.ఎస్. చెప్పును, దాని యొఱగును వేఱొక యంత్రము చెప్పును. డిగ్రీలో నూఱవవంతు ఒఱిగినను, వేయి మీటర్ల క్రింద వెలుగు పడుచోటు పదునేడు సెంటీమీటర్లు తప్పును.

ఇందు నాకు మిక్కిలి ముచ్చట గొలిపిన దింకొకటి కలదు. మామిడితోపుపై పడిన యొకే వెలుగు ముక్కలై మరలును. ఆకును తాకినది ముందు, కొమ్మను తాకినది తరువాత, సందులలో దూరి నేలను తాకినది కడపట. కడపటిదానిని ఏఱుకొన్నచో తోపు మాయమై క్రింది నేల కనబడును. 2020 డిసెంబరునుండి మన రాష్ట్రమున జరిగిన భూముల పునఃపరిశీలనలో డ్రోనులు తీసినవి ఛాయాచిత్రములు. వాని ముఖ్యోద్దేశము హద్దులేగాని యెత్తులు కాదు. చిత్రము చెట్టు తలను చూచును, పాదమును చూడజాలదు.

అట్లని లేజరు సర్వజ్ఞము కాదు. నిండుగా కమ్ముకొన్న ప్రత్తిచేనిలో సందు లేనిచో వెలుగు నేల చేరదు. చేను మూరెడు మెరకగా తోచును. మా కల్లములలో ఆరబోసిన మిరపకాయల రాసి చిన్న దిబ్బవలె నుండును. గేదె నిలుచున్నచో గేదెయు నొక మిట్టయే. వీనినెల్ల గణనచే తీసివేయుదురు, కొన్ని మిగులును. కావున పంటలెత్తి, కల్లములు ఖాళీయై, నది సన్నగిల్లిన పిమ్మట, వానలకు ముందు ఎగురుట యుత్తమము. నీటినిగూర్చియు నొక చిక్కున్నది. ఈ కొలతకు వాడు పరారుణ కిరణమును నీరు మ్రింగివేయును. ఆకుపచ్చ వెలుగు తేటనీటిలో కొంతలోతు పోగలదు గాని, కృష్ణ వరదనీరు తేటయా? నది యడుగును పడవపైనుండి ధ్వనితో కొలిచి, ఆ కొలతను దీనితో అదుకవలసినదే.

జి.పి.ఎస్. చెప్పు ఎత్తును యథాతథముగా నమ్మిననో, మా తాడేపల్లి పాతాళమునకు పోవును. ఆ యంత్రము భూమిని ధ్రువములయొద్ద నొక్కిన నునుపైన గోళముగా భావించి, ఆ నునుపునుండి లెక్కించును. మన ప్రాంతమున సముద్రమట్టము, భూమ్యాకర్షణ భేదమువలన, ఆ నునుపునకు డెబ్బది మీటర్లకు పైగా క్రిందనున్నది. లంకకు దక్షిణమున నూఱు మీటర్లు దాటును. సముద్రమునకు ఇరువది మీటర్ల పైనున్న మా వీధి, ఆ లెక్కలో శూన్యమునకు ఏబది మీటర్లకు పైగా క్రిందనుండును. నీరు ప్రవహించునది భూమ్యాకర్షణను బట్టి గాని జ్యామితిని బట్టి కాదు. అందుచేత విశాఖపట్టణము, మద్రాసు మొదలగు తొమ్మిది రేవులలో సముద్రమట్టము చూచి 1909లో స్థిరపఱచిన పాత మట్టములతో దీనిని సరిచూడవలసివచ్చినది. మట్టపుకోల పట్టి నడచినవారి పని విమానము వచ్చినను పోలేదు.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు విమానమునుండి లేజరు కొలతలు చేయుచు వచ్చినారు. అదే నగరమందలి సముద్ర సమాచార కేంద్రము తీరమునకు ఉప్పెన ఎంతదూరము చొచ్చునో లెక్కించుట కిట్టి కొలతలను వాడినది. 2022 డిసెంబరులో ప్రకటించిన జాతీయ భూస్థానిక విధానమున, 2030 నాటికి దేశమందలి మైదానములకెల్ల 25 సెంటీమీటర్ల నిశితత్వముగల ఎత్తుల పటము సిద్ధము చేయవలెనని వ్రాసికొన్నారు. మంచి సంకల్పము. ఆ పటము కార్యాలయపు బీరువాలో గాక పంచాయతి గోడపై నుండవలెనని నా కోరిక. ప్రతి వీధి మొగలో నొక స్తంభమునాటి, సముద్రమట్టమునకు ఇన్ని మీటర్లని తెలుగంకెలతో గాకున్న ఇంగ్లీషంకెలతోనైన చెక్కింపవచ్చును. బారేజివద్ద నీటిమట్టము రేడియోలో చెప్పగానే, స్తంభమును జూచి ఇల్లాలు బియ్యపుబస్తా అటకపై కెత్తించుకొనగలదు.

మా వీధిలో రోడ్డువేయు గుత్తదారు నొకనిని, "ఎంత యెత్తున వేయుదువు నాయనా?" అని యడిగితిని. "పాతదాని మీద ఇంకొక పొరండి, మాస్టారూ" అనెను. మా యింటికి మూడు మెట్లుండెడివి, ఇప్పుడొకటి మిగిలినది. పాతయిండ్లన్నియు ఇట్లే తాము కదలకయే పల్లములో దిగుచున్నవి.

ఇక తూముల మాట. రోడ్డుకట్ట ఆకాశమునుండి అడ్డుగోడవలె కనబడును. దాని క్రింది తూము కనబడదు. కంప్యూటరులోని నీరు కట్టనానుకొని నిలిచిపోవును. నిజమైన నీరు తూములో దూరి ఆవలి పేటను ముంచును. ఏ తూమెచ్చట నున్నదో, ఏది పూడినదో, నా యొద్ద చదువుకొని భూమాపనశాఖలో చేరిన శిష్యుడొకడు వచ్చి నన్నడిగెను. నేను వానిని ఇద్దరు ముసలి రైతులయొద్దకు తీసికొనిపోయితిని. వారు మమ్ము గట్లవెంట త్రిప్పి, కఱ్ఱతో పొడిచి చూపుచు వచ్చిరి. ఆ పట్టిక వ్రాయుట నా వంతైనది. సగము చేలు ముగిసినవి. చూచినవానిలో రెండు తూములు మట్టితో పూడియున్నవి. వానలకు ముందు తీయింపుడని అర్జీ వ్రాసి పంపితిమి.