తలుపు తట్టే ఇద్దరు



1965 నవంబరులో వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో రెండు వందల మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది భార్యాపిల్లలు జార్జియా రాష్ట్రంలో, ఫోర్ట్ బెన్నింగ్ పక్కనున్న కొలంబస్ పట్టణంలో ఉండేవారు. ఆ ఇళ్లకు చావు కబురు తెచ్చింది ఎవరో తెలుసా? టాక్సీ డ్రైవర్లు! టెలిగ్రాం చేతిలో పెట్టి వెళ్లిపోవడమే వాళ్ల పని. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అక్కడ పోరాడిన దళాధిపతి హాల్ మూర్ భార్య జూలియా ఇది చూసి తట్టుకోలేకపోయారు. తానే ఆ ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లను ఓదార్చారు, అంత్యక్రియలకు హాజరయ్యారు, ఈ పద్ధతి మార్చాలని గట్టిగా పట్టుబట్టారు. మారింది.

ఇప్పుడు యూనిఫాంలో ఇద్దరు వస్తారు. వీలైతే అందులో ఒకరు మతగురువు. తలుపు తీసిన మనిషి ఎవరో సరిచూసుకుని, విషయం సూటిగా చెబుతారు. మాట నాన్చితే, ఎక్కడో బతికే ఉన్నాడేమోనన్న ఆశ పుడుతుంది. అది మరీ క్రూరం. ఆ తర్వాత అంత్యక్రియల ఏర్పాట్లకు, రావలసిన డబ్బు కాగితాలకు ఆర్మీ మరో అధికారిని పంపుతుంది. కబురు చెప్పిన మనిషినే మళ్లీ ఆ గడప ఎక్కించకపోవడం నాకెంతో సబబుగా తోస్తుంది.